కాన్పు తర్వాత పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలు: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా పెంచాలి

"మూత్రం ఆపుకున్నట్టు బిగించు, రోజుకు వందసార్లు చెయ్యి." కాన్పయినవాళ్లకు కెగెల్ వ్యాయామం (పెల్విక్ ఫ్లోర్ వ్యాయామానికే ఇంకో పేరు) గురించి దొరికే సలహా చాలాసార్లు ఇంతే. ఏ రోజున మొదలుపెట్టాలో, ఎంతసేపు పట్టి ఉంచాలో, కుట్లు లాగుతుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. కుట్లు ఊడతాయన్న భయంతో మూడు నెలలైనా దాని జోలికి పోనివాళ్లు కొందరు. మొదటి వారంలోనే వందలకొద్దీ చేసి నొప్పి తెచ్చుకునేవాళ్లు ఇంకొందరు.

అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామం గురించి రాసినప్పుడు దానికి తోడుగా పెరినియోమీటరు అనే పరికరం కూడా వాడాడు. దాన్ని యోనిలో ఉంచితే ఎంత బలంగా బిగిస్తున్నారో ముల్లు కదిలి చూపిస్తుంది. తన కండరం పనిచేస్తోందో లేదో స్త్రీ స్వయంగా చూసుకోవాలన్నదే ఆ పద్ధతికి ప్రాణం. కాలక్రమంలో పరికరం పోయింది, చూసుకోవడం పోయింది, "బిగించు" అనే మాట మిగిలింది. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు నోటిమాటగా చెప్పి చేయించి పరీక్షిస్తే సుమారు సగం మందే సరిగ్గా చేయగలిగారు. నాలుగో వంతు మంది చేసిన తీరు మూత్రం జారడాన్ని పెంచేలా ఉంది. అందుకే ఇక్కడ లెక్కల కంటే ముందు కండరాన్ని గుర్తుపట్టడం గురించి, బిగించినంత శ్రద్ధగా వదలడం గురించి చెబుతున్నాం.

కాన్పులో ఈ కండరాలకు ఏమవుతుంది

ముందువైపు జఘనాస్థి నుంచి వెనక తోకెముక దాకా, రెండు పక్కలా కూర్చునే ఎముకల మధ్య ఊయల గుడ్డలా పరుచుకున్న కండరాల పొరే పెల్విక్ ఫ్లోర్. తేలికగా ఉండటానికి అడుగు కండరాలు అందాం. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం దాని మీదే ఆనుకుని ఉంటాయి. మూత్రనాళం, యోని, మలద్వారం దాని గుండానే బయటికి వస్తాయి. కాబట్టి ఈ కండరాలకు రెండు పనులు: పైనున్న బరువు మోయడం, కింద ఉన్న దారులు మూసి ఉంచి అవసరమైనప్పుడు తెరవడం. ఎక్కువ భాగం నెమ్మదిగా, చాలాసేపు పనిచేసే పోగులు. దగ్గు, తుమ్ము వచ్చిన క్షణంలో చటుక్కున బిగిసే పోగులు తక్కువ పాలు. వ్యాయామంలో రెండు రకాలకూ పని చెప్పాలి.

నార్మల్ డెలివరీలో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఈ కండరాల లోపలి భాగం మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుందని కంప్యూటర్ నమూనాల అంచనా. వాటికి స్పర్శనీ ఆజ్ఞనీ మోసే నరం కూడా వాటితోపాటే సాగుతుంది. మొదటి వారాల్లో "బిగిస్తున్నా ఏమీ తెలియడం లేదు" అని చాలామంది అనేది అందుకే. నరం కోలుకునేకొద్దీ స్పర్శ తిరిగి వస్తుంది. సాగిన కండరం మొదటి 6 నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. బిడ్డ తలను పట్టి బయటికి తీసే ఫోర్సెప్స్ పరికరం వాడినవారిలో, బిడ్డ బరువు ఎక్కువైనవారిలో, నొప్పుల సమయంలో చాలాసేపు ముక్కవలసి వచ్చినవారిలో దెబ్బ ఎక్కువ.

ఆపరేషన్ అయినవారికి ఇదంతా వర్తించదని అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వీరికి చీలికల ముప్పు తప్పుతుంది గానీ తొమ్మిది నెలలు మోసిన బరువు, హార్మోన్ల వల్ల వదులైన కణజాలం మాత్రం అందరికీ ఒకటే. వ్యాయామం వీరికీ కావాలి.

మొదలుపెట్టే ముందు

మూత్రం పైపు పెట్టి ఉంటే అది తీసేసి, మీ అంతట మీరు మామూలుగా మూత్రం పోయగలిగేదాకా బిగించే వ్యాయామం వద్దు. కాన్పయ్యాక గానీ, పైపు తీశాక గానీ 6 గంటల్లోపు మూత్రం రాకపోయినా, చుక్కలుచుక్కలుగానే వస్తున్నా వెంటనే నర్సుకు చెప్పాలి. నిండిన మూత్రసంచి సాగిపోతే తిరిగి పట్టు రావడానికి చాలా రోజులు పడుతుంది. స్పర్శ మొద్దుబారినప్పుడు సంచి నిండిన సంగతి మీకు తెలియకపోవచ్చు. కాబట్టి మొదటి కొన్ని రోజులు అనిపించినా అనిపించకపోయినా 2, 3 గంటలకోసారి వెళ్లండి.

చీలిక మలద్వారపు కండరం దాకా వెళ్లి ఉంటే, అంటే డిశ్చార్జి కాగితంలో మూడో లేదా నాలుగో డిగ్రీ అని రాసి ఉంటే, మొదలుపెట్టే రోజును మీకు కుట్లు వేసిన డాక్టరే చెప్పాలి. ఆ కాగితం ఒకసారి తీసి చదవండి. కుట్లు పడ్డాయని తెలిసినా ఎంత లోతుకు పడ్డాయో చాలామందికి తెలియదు.

ఇవి కనిపిస్తే వ్యాయామం సంగతి పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి: గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, పెద్ద రక్తపు గడ్డలు, జ్వరం, దుర్వాసన వచ్చే స్రావం, కుట్ల నుంచి చీము, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఆయాసం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం.

సరైన కండరాన్ని పట్టుకోవడం

ఇది కుదిరితే సగం పని అయినట్టే. తొందర పడకుండా రెండు మూడు రోజులు దీనికే ఇవ్వండి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు మంచానికి ఆనించండి. వెల్లకిలా ఇబ్బందిగా ఉంటే పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. ఒక చెయ్యి పక్కటెముకల కింద, ఒక చెయ్యి పొత్తికడుపు మీద. ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. పొట్ట పైకి లేస్తుంది, కింద అడుగు కండరాలు కాస్త దిగి వదులవుతాయి. గాలి వదిలేటప్పుడు అవి వాటంతట అవే కొద్దిగా పైకి వస్తాయి. ఈ రాకపోకల్ని నాలుగైదు శ్వాసల పాటు గమనించండి. ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు గాలి వదులుతూ, నలుగురిలో ఉండగా అపానవాయువు రాబోతే ఆపుకున్నట్టు మలద్వారం దగ్గర మూయండి. ఆ బిగువును అక్కడే వదిలేయకుండా ముందుకు, యోని మీదుగా మూత్రం వచ్చే చోటి దాకా తీసుకురండి. చివరగా మొత్తాన్ని లోపలికి, పైకి లాగండి. మూయడం ఒక్కటే సరిపోదు, పైకి లాగడం కూడా ఉండాలి. ఒకటి రెండు సెకన్లు చాలు. తర్వాత పూర్తిగా వదిలేయండి. లిఫ్టు మెల్లగా కింది అంతస్తుకు దిగినట్టు ఆ కండరం మొదట ఉన్నచోటికి వచ్చిందా అని చూసుకోండి. వచ్చిందని తెలిశాకే రెండోది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే: పిరుదులు గట్టిపడి నడుము మంచం నుంచి లేస్తుంటే మీరు పిరుదులతో పని చేయిస్తున్నారు. తొడలు దగ్గరికి నొక్కుకుంటుంటే తొడలతో. ఊపిరి బిగపడితే, పొత్తికడుపు బయటికి ఉబికితే మీరు పైకి లాగడం లేదు, కిందికి ముక్కుతున్నారు. చివరిది మిగతావాటి కంటే ప్రమాదం. ఏం బిగించాలో తెలియక శక్తంతా కిందికి తోస్తే ఇప్పటికే సాగిన కండరం మరింత సాగుతుంది. పొత్తికడుపు అడుగున, బొడ్డుకు చాలా కింద, సన్నగా లోపలికి లాగినట్టు ఉంటే మాత్రం అది సహజమే.

అనుమానంగా ఉంటే చేతి అద్దం పెట్టుకుని చూడండి. యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న భాగం బిగించినప్పుడు లోపలికి, పైకి కదలాలి. బయటికి ఉబికితే ముక్కుతున్నట్టు. చూడటం ఇష్టం లేకపోతే శుభ్రమైన బట్ట మీదుగా అక్కడ వేలు ఆనించి చూడొచ్చు, వేలి నుంచి దూరంగా జరిగినట్టు తెలియాలి. కుట్లు మానాక, రక్తస్రావం పూర్తిగా ఆగాక, శుభ్రమైన వేలిని యోనిలో ఉంచి బిగించి చూసుకోవడం ఇంకా కచ్చితం.

మూత్రం మధ్యలో ఆపి చూసుకోవడం మాత్రం వద్దు. ఆ సమయంలో మూత్రసంచి ఖాళీ కావాలి, అడుగు కండరం వదులవ్వాలి. రోజూ దాన్ని మధ్యలో అడ్డుకుంటే సంచి పూర్తిగా ఖాళీ కాక, మిగిలిన మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

యోగాభ్యాసం ఉన్నవారికి మూలబంధం, అశ్వినీ ముద్ర తెలిసే ఉంటాయి. వాటిలో బిగించే కండరాలు దాదాపు ఇవే, కాబట్టి వారికి దారి సులువు. అయితే బంధాలను తరచూ కుంభకంతో కలిపి నేర్పుతారు. బాలింతకు ఊపిరి బిగపట్టడం పనికిరాదు.

మొదటి రెండు వారాలు

చీలిక పెద్దది కాకపోతే, పైపు లేకపోతే, కాన్పయిన మర్నాటి నుంచే మొదలుపెట్టొచ్చు. మెల్లగా బిగించడం వల్ల కుట్లు తెగవు. రక్తప్రసరణ పెరిగి వాపు తగ్గడానికి సాయపడుతుంది కూడా. చక్కిలిగింత పెట్టినంత తేలికగా చేయండి. పూర్తి బలంలో మూడో వంతు కూడా వద్దు. ఒకటి రెండు సెకన్లు బిగించి, నాలుగైదు సెకన్లు వదలడం. ఇలా 4, 5 సార్లు, రోజుకు మూడు విడతలు, అదీ పడుకునే. చురుక్కుమంటే ఆ రోజుకు ఆపేసి శ్వాస ఒక్కటే చేసుకుని, మర్నాడు మళ్లీ ప్రయత్నించండి.

ఈ రెండు వారాల్లో వ్యాయామం కంటే విశ్రాంతి ఎక్కువ మేలు చేస్తుందని మా అభిప్రాయం. కూర్చున్నా నిలబడ్డా గర్భసంచి బరువంతా అలసిన కండరం మీదే పడుతుంది. పాలివ్వడానికి రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చునే తల్లి, పక్కకు పడుకుని పాలివ్వడం నేర్చుకుంటే ఆ మేరకు బరువు దిగుతుంది. పగలు రెండు మూడుసార్లు అరగంట చొప్పున నడుం వాల్చండి. మంచం దిగేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకు దొర్లి, మోచేతి మీద ఆని, కాళ్లు కిందికి దింపి లేవండి.

కుట్ల దగ్గర వాపుంటే మొదటి రెండు మూడు రోజులు ఐసును గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టుకోవచ్చు. బాలింతకు చల్లదనం తగలనివ్వరాదని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడొచ్చు. పైపైన పెట్టే ఆ చల్లదనంతో పాలకూ బిడ్డకూ ఏ హానీ లేదని నెమ్మదిగా చెప్పండి.

మీ లెక్క మీరే కట్టుకోవాలి

మూడో వారం నుంచి ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. "పది సెకన్లు, పదిసార్లు" అనేది చివరి మజిలీ. మొదటి రోజునే దాన్ని అందుకోవాలని చూస్తే పిరుదులే పని చేస్తాయి.

ముందు మీ బలం కొలవండి. పడుకుని బిగించి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ మనసులో లెక్కపెట్టండి. పట్టు జారిపోయే క్షణం దగ్గర ఆపండి. నాలుగు సెకన్లు వచ్చిందనుకుందాం. నాలుగు సెకన్ల పట్టును, మధ్యలో ఎనిమిది సెకన్ల విశ్రాంతితో, నాణ్యత తగ్గకుండా ఎన్నిసార్లు చేయగలరో చూడండి. ఐదుసార్లు వస్తే ఐదే మీ లెక్క. ఆ తర్వాత చటుక్కున బిగించి చటుక్కున వదిలేవి ఎన్ని వస్తాయో చూడండి. అదే మీ ఒక విడత. రోజుకు మూడు విడతలు.

నాలుగైదు రోజులు ఆ లెక్క సులువుగా అనిపిస్తే ఒక సెకను పెంచండి, లేదా ఒక సంఖ్య పెంచండి. రెండూ ఒకేసారి వద్దు. సాయంత్రానికి కింద బరువుగా అనిపిస్తే, మూత్రం ముందుకంటే ఎక్కువగా జారితే పెంచింది ఎక్కువైందని గుర్తు. అంతకుముందు లెక్కకు వెనక్కి వెళ్లండి. విడతకు కనీసం 8 పట్లు, రోజుకు 3 విడతలు, 3 నెలలు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెప్పే కనీస మోతాదు ఇది. క్రమంగా 10 సెకన్ల పట్లు 10, వేగమైనవి 10 అయ్యేలా పెంచుకుంటూ పోవచ్చు. అంతకు మించి వందలు చేసినా వచ్చే లాభం పెద్దగా లేదు.

భంగిమ కూడా మెట్లుగానే మార్చాలి. పడుకుని బాగా వస్తుంటే కుర్చీలో నిటారుగా కూర్చుని, తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. నిలబడి మొదటిసారి చేసినప్పుడు పది సెకన్ల పట్టు నాలుగుకు పడిపోతే కంగారు పడొద్దు, ఇప్పుడు బరువు కూడా మోస్తోంది కదా. కొత్త భంగిమలో లెక్కను సగానికి దించి మొదలుపెట్టండి.

మరిచిపోవడమే అందరికీ వచ్చే పెద్ద కష్టం. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఒక విడత, పళ్లు తోముకున్నాక ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి అని పనికి ముడివేస్తే ఫోనులో అలారం అక్కర్లేదు.

దగ్గుకు ముందు పట్టు

విడతలుగా చేసేది కండరానికి బలం. ఆ బలం సమయానికి అక్కరకు రావాలంటే ఇంకో అలవాటు కావాలి: దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చే ముందు, బిడ్డను ఎత్తుకునే ముందు, బిందె లేపే ముందు ఒక్క క్షణం బిగించి పట్టి, పని అయ్యాక వదలడం. 1998లో అమెరికాలో మూత్రం జారే సమస్య ఉన్న స్త్రీలకు ఈ ఒక్క కిటుకు నేర్పితే వారంలోనే దగ్గినప్పుడు పడే మూత్రం చాలా తగ్గింది. కండరానికి కొత్త బలం వచ్చేంత వ్యవధి కూడా కాదు అది. ముందుగా సిద్ధపడటం వల్లే తేడా వచ్చింది. పదిసార్లు కావాలని దగ్గి అభ్యాసం చేయండి: బిగించు, దగ్గు, వదులు.

కష్టమంతా వృథా చేసేవి

మలబద్ధకం మొదటిది. రోజూ అయిదు నిమిషాలు ముక్కితే మూడు విడతల వ్యాయామం ఫలితం అక్కడే పోతుంది. బాలింతకు మలబద్ధకం రావడానికి మన ఇళ్లలో రెండు కారణాలు సిద్ధంగా ఉంటాయి. పొట్ట పెరుగుతుందనో, జలుబు చేస్తుందనో నీళ్లు తగ్గించడం ఒకటి. కారప్పొడి అన్నంతో నెల్లాళ్లు గడిపించే గట్టి పథ్యం రెండోది. పాలిచ్చే తల్లికి అన్నీ కలిపి రోజుకు రెండున్నర, మూడు లీటర్ల దాకా కావాలి. కాచి చల్లార్చిన నీళ్లయినా సరే, పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగండి. పథ్యం మానమని కాదు. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ పథ్యంలో ఉన్నవే, వాటిని రెండు పూటలా పెట్టమనండి. కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోమని ఇచ్చే ఐరన్ మాత్రలు కూడా మలాన్ని గట్టిపరుస్తాయి. వాటిని మానకండి, మలం గట్టిగా ఉందని డాక్టరుకు చెబితే లాక్టులోజ్ లాంటి సిరప్ రాస్తారు.

భారతీయ పద్ధతి మరుగుదొడ్డిలో గొంతుకూర్చోవడం వల్ల మలం సులువుగా దిగుతుంది. కుట్ల వల్ల అలా కూర్చోలేకపోతే కమోడ్ వాడి, పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకోండి. మోకాళ్లు తుంటి కంటే పైకి రావాలి. ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, నోరు కొద్దిగా తెరిచి గాలి వదలండి. కుట్లున్నవారు శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద చేత్తో అదిమి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది.

తర్వాత నడికట్టు. పొట్ట లోపలికి పోవాలని చీరతో గట్టిగా చుట్టి లాగి కట్టేస్తే ఆ ఒత్తిడి దిగేది కిందికే. నడిచేటప్పుడు ఆసరాగా, వేళ్లు దూరేంత వదులుగా, కింది నుంచి తుంటిని కూడా కలుపుకుని కట్టుకుంటే ఫర్వాలేదు. పడుకున్నప్పుడు తీసేయండి. ఊపిరి నిండా పీల్చలేకపోతున్నారంటే అది బిగుతు.

బరువులు: ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనవి ఎత్తకపోవడం మంచి కొలత. నిండు బిందె పదీ పన్నెండు కిలోలకు తక్కువ ఉండదు, నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు. పెద్ద పిల్ల చంకెక్కుతానని ఏడిస్తే మీరు కూర్చుని ఒళ్లోకి తీసుకోండి. గొంతుకూర్చుని గంటసేపు బట్టలుతకడం, అంట్లు తోమడం కూడా ఈ ఆరు వారాల్లో వద్దు. పొలం పనికో కూలికో నెల తిరక్కుండా వెళ్లక తప్పని ఇళ్లలో కనీసం మోత పనులైనా ఇంకొకరు అందుకోవాలి. విడని దగ్గు ఉంటే దానికి మందు వాడండి, దగ్గు తగ్గకుండా కండరం నిలదొక్కుకోదు.

ఆపరేషన్ అయినవారికి

పైపు తీశాక, మూత్రం మామూలుగా వస్తుంటే, పైన చెప్పిన తేలిక పట్లు మొదలుపెట్టొచ్చు. దగ్గేటప్పుడు, నవ్వేటప్పుడు దిండును కుట్ల మీద అదిమి పట్టుకోండి. పైన చర్మం పది రోజుల్లో మానినట్టు కనిపించినా లోపలి గట్టి పొర అలా కాదు. ఆరు వారాలకు దాని బలం సగానికి కాస్త పైన మాత్రమే, ఆరేడు నెలలకు 73 నుంచి 93 శాతం. పొట్ట వ్యాయామాలు మూడు నెలలకే మొదలుపెట్టి కుట్టు దగ్గర లాగుతోందనేవారికి కారణం ఇక్కడే ఉంది. ఆరు వారాల తర్వాత, గాయం పూర్తిగా మూసుకున్నాక, మచ్చ మీదా చుట్టూ వేలితో మెల్లగా నాలుగు వైపులా కదిపినట్టు రోజూ అయిదు నిమిషాలు రుద్దితే పొరలు అతుక్కోకుండా ఉంటాయి. అదే ఆపరేషన్‌లో కుటుంబ నియంత్రణ కూడా చేయించుకున్నా జాగ్రత్తలు ఇవే.

బిగించకూడనివారు

అందరికీ కండరం వదులవ్వదు. కొందరికి నొప్పి వల్లో, భయం వల్లో, కుట్ల మచ్చ వల్లో అది ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. మూత్రం మొదలవడానికి ఆలస్యం, ధార ఆగి ఆగి రావడం, మలం పూర్తిగా వెళ్లినట్టు లేకపోవడం, తోకెముక దగ్గర నొప్పి, కలయికలో నొప్పి దీని గుర్తులు. వీరికి మూత్రం కూడా జారవచ్చు, ఎందుకంటే ఎప్పుడూ బిగిసి ఉన్న కండరానికి దగ్గు వచ్చినప్పుడు ఇంకా బిగించడానికి చోటు మిగలదు. వీరు పట్లు ఆపేసి పొట్టతో శ్వాస తీయడం, పక్కకు పడుకుని మోకాళ్లు రొమ్ము వైపు ముడుచుకోవడం, శిశువులా మోకాళ్ల మీద వంగి ఉండే బాలాసనం ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు చేయాలి. తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు చేయి అవసరం. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొడిబారడం వల్ల కూడా కలయిక బాధిస్తుంది. అది వేరే సంగతి, దానికి జెల్ వాడితే సరిపోవచ్చు.

ఆరు వారాల తర్వాత

ఆరో వారం పరీక్షలో డాక్టరు కుట్లు చూసి, బీపీ చూసి పంపించేయవచ్చు. దగ్గితే మూత్రం పడుతోందా, గ్యాస్ ఆపుకోలేకపోతున్నారా, కింద ఏదో దిగినట్టుందా అన్నవి అడగకపోతే మీరే చెప్పండి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తతో కూడా చెప్పొచ్చు.

పొట్ట కండరాల మధ్య ఎడం ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా పెట్టి, తల మాత్రం కొద్దిగా లేపండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ దూరితే, లేదా మధ్యలో గుమ్మటంలా పైకి లేస్తే, పడుకుని లేచే తరహా పొట్ట వ్యాయామాలు ఇప్పుడే వద్దు.

ఎడం లేకపోయినా వరుస ఇదే: మోకాళ్లు మడిచి పడుకుని తుంటి పైకి లేపే సేతుబంధం 8 నుంచి 10 సార్లు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకు ఆని సగం గుంజీలు. లేచేటప్పుడు గాలి వదులుతూ అడుగు కండరాన్ని పైకి లాగండి, దిగేటప్పుడు పీలుస్తూ వదలండి. నడక రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచి అరగంటకు తెచ్చుకోండి. కపాలభాతి, బోర్లా ఒళ్లంతా గాల్లో ఉంచే ప్లాంక్, సూర్యనమస్కారాల్లో ఎగిరి వెనక్కి వెళ్లే పద్ధతి ఇంకా ఆగాలి.

పరుగు, జుంబా, తాడాట 12 వారాలకు ముందు వద్దని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో ఇచ్చిన సూచన. 12 వారాలు నిండాయని మొదలుపెట్టేయడం కూడా కాదు. మూత్రం జారకుండా, బరువుగా అనిపించకుండా, నొప్పి లేకుండా ఇవి చేయగలగాలి: 30 నిమిషాల నడక, ఒంటికాలిపై 10 సెకన్లు నిలబడటం, ఒంటికాలి గుంజీలు ఒక్కో కాలికి 10, నిలబడ్డచోటే ఒక నిమిషం జాగింగ్, ముందుకు గెంతులు 10, ఒంటికాలి గెంతులు ఒక్కో కాలికి 10. ఒక్క దానిలో తడిసినా ఇంకో రెండు మూడు వారాలు బలం మీద పని చేసి మళ్లీ చూసుకోండి.

ఎప్పుడు వేరొకరి సాయం కావాలి

మూడు నెలలు క్రమంగా చేసినా మూత్రం జారుతుంటే "పిల్లల్ని కన్నాక అంతేలే" అని సరిపెట్టుకోవద్దు. మలం గానీ, గ్యాస్ గానీ పట్టలేకపోతే మూడు నెలలు ఆగకుండా ముందే వెళ్లండి. యోని దగ్గర ఉబ్బుగా తగులుతుంటే గర్భసంచో, మూత్రసంచో కిందికి జారుతోందేమో డాక్టరు పరీక్షించి చెప్పగలరు. తొలి దశల్లో శిక్షణతో కూడిన ఈ వ్యాయామమే బాధ తగ్గిస్తుంది, అవసరమైతే లోపల ఉంచే రింగ్ పెసరీ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే అలవాటు దేశంలో మరెక్కడా లేనంత ఎక్కువ. గర్భసంచి తీసేసినంత మాత్రాన కింది కండరం గట్టిపడదని ఆ నిర్ణయానికి ముందే తెలుసుకోవాలి.

పెల్విక్ ఫ్లోర్‌లో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టులు పెద్ద నగరాల్లో ఉన్నారు. వేలితో లోపల పరీక్షించి మీ పట్టును 0 నుంచి 5 దాకా కొలిచి, మీ లెక్క రాసిస్తారు. అక్కర్లేదనిపిస్తే లోపలి పరీక్ష వద్దనవచ్చు, స్కానింగ్‌తో చూసే పద్ధతి కూడా ఉంది. వెళ్లే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ టైముకు ఎంత తాగారు, ఏ టైముకు మూత్రానికి వెళ్లారు, కొలగ్లాసుతో కొలిస్తే ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు ఏ పని చేస్తుండగా జారింది, ఎన్ని ప్యాడ్లు మార్చారు. దగ్గితే జారడమా, తలుపు తీసేలోపు ఆగకపోవడమా, రెండూనా అన్నది ఆ కాగితంలోనే బయటపడుతుంది, మూడింటికీ చేసే వైద్యం వేరు.